ముసలి తాతల ఆట నేర్చుకోవడం: మెక్సికోలో నా అనుభవం

ముసలి తాతల ఆట అనే ఈ మెక్సికో నాట్యం గురించి ఎవరన్నా అడిగితే నేను ముందు నడుం గురించి చెప్తాను, వాళ్ళేమో కాళ్ళ గురించి అడుగుతారు. వాళ్ళ తప్పు కాదు, యూట్యూబ్‌లో చూసేవాళ్ళకి కనిపించేది కాళ్ళే కదా. నలుగురు ముసలి తాతలు చేతికర్రల మీద వాలి, వణుకుతూ దగ్గుతూ ఒకరి వెనక ఒకరు వస్తారు, వయొలిన్ ఊపందుకోగానే చెక్క చెప్పులతో నేల అదిరిపోయేలా టకటకా ఆడేస్తారు, అంతలోనే నడుం పట్టేసినట్టు ఆగిపోయి ఆయాసపడతారు. జనం పడీ పడీ నవ్వుతారు. మాస్కు తీస్తే లోపల ఉండేది ఏ ఇరవై ఏళ్ళ కుర్రాడో, ఒక్కోసారి బడికెళ్ళే పిల్లాడో. అయితే ఆ టకటకలన్నీ నడుం వంచే వెయ్యాలి, పాట అయ్యేదాకా నిటారుగా లేవడానికి లేదు. ఆ సంగతి వీడియోలో తెలీదు, మర్నాడు పొద్దున మంచం మీంచి లేచేటప్పుడు తెలుస్తుంది.

స్పానిష్‌లో దీన్ని దాన్సా దె లోస్ వియెహీతోస్ అంటారు. మెక్సికో పడమటి వైపు మిచోఆకాన్ రాష్ట్రంలో పాత్స్‌క్వారో అనే సరస్సు ఉంది, దాని చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఆ పైన కొండల్లోనూ ఉండే పురేపెచా జనం ఆట ఇది. స్పానిష్‌వాళ్ళు రాకముందు మెక్సికోలో చాలా భాగాన్ని ఏలిన అజ్టెక్‌లు ఎన్నిసార్లు మీదికొచ్చినా లొంగని రాజ్యం వీళ్ళది, రాజధాని త్సింత్సున్‌త్సాన్ శిథిలాలు ఆ సరస్సు ఒడ్డునే ఉన్నాయి. వీళ్ళ భాషకి ప్రపంచంలో ఇంకే భాషతోనూ చుట్టరికం తేలలేదు, 2020 జనాభా లెక్కల ప్రకారం మాట్లాడేవాళ్ళు సుమారు 1,40,000 మంది.

నా విషయానికొస్తే, మెక్సికోలోనే గ్వాదలహారా అనే నగరంలో ఐటీ ఉద్యోగం. మన తెలుగువాళ్ళు ఇక్కడ బాగానే ఉన్నారు, శని ఆదివారాలు వస్తే క్రికెట్టు, ఎవరో ఒకరింట్లో బిర్యానీ, అంతే. నేను ఓసారి నవంబరు మొదట్లో చనిపోయినవాళ్ళ పండగ చూడ్డానికి పాత్స్‌క్వారో వెళ్ళి, అక్కడి పెద్ద చౌరస్తాలో ఈ ఆట చూసి వచ్చాను. తర్వాత ఎందుకో బుర్రలోంచి పోలేదు. గ్వాదలహారాలోనే ఒక డాన్స్ స్కూల్లో నేర్పుతున్నారంటే చేరాను. అద్దాల గది, స్పీకర్లో పాట, మేడమ్ ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెడుతుంటే అందరం స్టెప్పులు. ముసలితనం గురించి చెప్పింది ఒకటే మాట, వంగండి అని. నెలాఖరుకి పాట మొత్తం వచ్చేసింది, వచ్చినట్టు అనిపించలేదు. చౌరస్తాలో నన్ను నవ్వించింది ఏదో ఇందులో లేదు.

పాత్స్‌క్వారోలో విచారిస్తే అందరూ ఒకటే ఊరు పేరు చెప్పారు, హరాక్వారో. ఒకప్పుడు సరస్సు మధ్యలో దీవి, నీళ్ళు తగ్గిపోయి ఇప్పుడు రోడ్డు మీద కారులోనే వెళ్ళిపోవచ్చు. ఊరంతా తాటాకు జాతి ఆకుతో టోపీలు అల్లుతారు, ఏ ఇంటి ముందుకెళ్ళినా కుట్టుమిషన్ చప్పుడే. అక్కడ టోపీలు కుట్టే ఒక పెద్దాయన, వయొలిన్ కూడా వాయిస్తారు, చిన్నప్పటి నుంచీ ఆడిన మనిషి. పేరు రాయను, రాయొద్దన్నారు. అందరూ తాతా అనే పిలుస్తారు (అక్కడ పెద్దాయనని గౌరవంగా పిలిచే మాట కూడా అదే), నేనూ అలాగే. నేర్పుతారా అంటే నన్ను ఎగాదిగా చూసి "నీకు తాత ఉన్నాడా?" అన్నారు. చనిపోయారని చెప్పాను. "గుర్తున్నాడా మరి?" అన్నారు. ఉన్నారన్నాను. సరే, శనివారం రా అన్నారు. ఫీజు ఎంతని అడిగితే సమాధానం రాలేదు, ఆ రోజు నాలుగు టోపీలు కొనుక్కుని ఇంటికొచ్చాను.

అప్పట్నుంచి వీలున్న శనివారమల్లా తెల్లవారుజామునే లేచి నాలుగు గంటలు డ్రైవింగు. మా ఆవిడకి మొదట్లో ఇది అస్సలు మింగుడు పడలేదు. ఇంట్లో గ్యాస్ మెకానిక్‌ని పిలవడానికి బద్ధకించే మనిషి ముసలివేషం వెయ్యడానికి అంత దూరం వెళ్తాడా అని.

మొదట చెప్పులు. చెక్క అడుగు, పైన తోలు పట్టీలు. మామూలు బూటు వంగుతుంది, ఇది వంగదు, కాబట్టి మునివేళ్ళతో నేలని పట్టుకోవడం అనేదే ఉండదు. పాదం మొత్తాన్ని ఒక పలకలా ముందుకీ వెనక్కీ ఊపుతూ మడమ ఒక దెబ్బ, ముందు భాగం ఒక దెబ్బ, మొత్తం పాదం ఒక దెబ్బ వెయ్యాలి. గట్టిగా తన్నితే చప్పుడు వస్తుందనుకుంటాం, రాదు, దబ్బుమని మొద్దు చప్పుడు వస్తుంది, మోకాలు నొప్పి వస్తుంది. కాలు ఎక్కువ ఎత్తకుండా, బెత్తెడు ఎత్తులోంచి మణికట్టు విదిలించినట్టు చీలమండ విదిలిస్తే అప్పుడు ఆ ఎండు చెక్క టక్కుమంటుంది. అక్కడ ఎత్తు 2,000 మీటర్ల పైమాట, గ్వాదలహారా కూడా 1,500 పైనే అయినా ఊపిరి అందడంలో తేడా తెలుస్తుంది, రెండు పాటలకే నేను దగ్గడం మొదలుపెడితే తాతా మెచ్చుకున్నారు, పాత్రలోకి వచ్చేశానని.

లెక్క మాత్రం మనకి మరీ కొత్త కాదు. అబహేన్యో అనే హుషారు పాటలు వీళ్ళవి, ఆరు దెబ్బల మీద నడుస్తాయి. ఆ ఆరుని తకిట తకిట అని రెండు ముక్కలుగా వెయ్యొచ్చు, తక తక తక అని మూడు ముక్కలుగానూ వెయ్యొచ్చు. ఈ పాటల్లో రెండూ ఉంటాయి, ఒక్కోచోట ఒకేసారి ఉంటాయి, పైన వయొలిన్ తకిట తకిట అని పోతుంటే కింద తొలొలోచె (మనిషెత్తు ఉండే పెద్ద బేస్ వాయిద్యం, నిలబెట్టి వేళ్ళతో మీటుతారు) తక తక తక అంటుంది. మా అక్క కూచిపూడి క్లాసుకి తోడు వెళ్ళి గోడవారన కూర్చుని విన్న సొల్లుకట్టు ఇన్నేళ్ళకి పనికొచ్చింది. నేను నోటితో తకిట తకిట అనుకుంటూ అడుగులు వేస్తుంటే, హరానా అనే చిన్న గిటారు వాయించే కుర్రాడు ఒకడు అది పట్టేసి తనూ అనడం మొదలెట్టాడు, ఇప్పుడు ప్రాక్టీసులో అందరూ అంటున్నారు. పాట ఫోన్లో పెట్టుకుని ప్రాక్టీసు చేస్తానంటే తాతా ఒప్పుకోలేదు. ఎందుకో తర్వాత తెలిసింది. వాద్యాలవాళ్ళు మన కాళ్ళని చూస్తూ వాయిస్తారు. ముసలాయన తూలితే వయొలిన్ ఆగుతుంది, పడిపోబోతే ఒక గీత సాగదీస్తుంది, లేచి కర్ర ఝాడించగానే అందుకుంటుంది. రికార్డింగు ఎవరి కోసమూ ఆగదు కదా.

ఇక అసలు పాఠం. అడుగులు ఓ మాదిరిగా వచ్చాక తాతా నన్ను పాత్స్‌క్వారో చిన్న చౌరస్తా పక్కన మార్కెట్‌లో కూర్చోమన్నారు. ఏం చెయ్యాలి అంటే, ఒక ముసలాయన్ని ఎంచుకో, ఆయన ఎలా కూర్చుంటాడో ఎలా లేస్తాడో చూడు, వచ్చి నాకు చూపించు అన్నారు. చేపల బుట్టల దగ్గర, అవకాడోల కుప్పల దగ్గర ఓ పూటంతా కూర్చున్నాను. నేను గమనించింది ఏంటంటే ముసలివాళ్ళు వణకరు. అంటే సినిమాల్లో చూపించినట్టు ఒళ్ళంతా వణుకుతూ ఎవరూ ఉండరు. ప్రతి పనికీ ముందు ఒక చిన్న ఆలోచన ఉంటుంది, ఇక్కడ చెయ్యి పెట్టాలా, ఆ అరుగు అంచు పట్టుకోవాలా అని, ఆ తర్వాతే కదలిక. మెట్టు దిగే ముందు కర్ర దిగుతుంది, తర్వాత చూపు దిగుతుంది, ఆఖర్న కాలు.

వెనక్కి వెళ్ళి అది చూపిస్తే తాతా తలూపి, "బాగానే ఉంది కానీ ఇది మా ఊరి ముసలాయన. నీ తాత ఎలా లేచేవాడు?" అన్నారు.

మా తాతయ్య నులకమంచం మీద కూర్చునేవాడు. లేవాలంటే ముందు భుజం మీది కండువా తీసి పక్కన పెట్టేవాడు, ఎందుకో తెలీదు, కండువా బరువు కూడా తగ్గించుకుందామనేమో. కుడి అరచెయ్యి కుడి మోకాలి మీద, ఎడమ చెయ్యి మంచం పట్టె మీద, మొహం మాత్రం వీధి వైపు, ఎవరన్నా చూస్తున్నారేమోనని. ఎవరూ లేకపోతే నింపాదిగా, ఊఁ అని ఒక మూలుగుతో లేచేవాడు. ఎవరన్నా వస్తుంటే మాత్రం ఒక్క ఉదుటున లేచి నిలబడి, మీసం సర్దుకుని, వాళ్ళు దాటిపోయాక స్తంభం పట్టుకుని కాసేపు ఊపిరి తీసుకునేవాడు. ఇదంతా నాకు గుర్తుందని కూడా నాకు తెలీదు. ఆ మట్టి వాకిట్లో చెక్క చెప్పులేసుకుని, కండువా బదులు వాళ్ళ ఉన్ని గొంగడి తీసి పక్కన పెట్టి, వీధి వైపు చూసి, ఒక్క ఉదుటున లేచి చూపించాను. తొలొలోచె ఆయన పగలబడి నవ్వాడు. తాతా నవ్వలేదు, మళ్ళీ చెయ్యమన్నారు, ఈసారి లేచాక స్తంభం పట్టుకునే భాగం ఇంకొంచెం సాగదియ్యమన్నారు.

ఈ ఆటలో ఉన్న కిటుకంతా అదే అని నాకు అక్కడ అర్థమైంది. ఆ హుషారు టకటకలు ఉన్నాయే, అవి ఎవరన్నా చూస్తున్నప్పుడు ముసలాయన వేసే గొప్ప. ఆ తర్వాతి ఆయాసం ఎవరూ చూడనప్పటి నిజం. అందుకే ప్రతి ఆటగాడికీ తన ముసలాయన ఒకడు ఉంటాడు, ఒకడు చెవిటి, ఒకడు ఆడవాళ్ళని చూసి టోపీ ఎత్తుతాడు, ఒకడు ఊరికే కిందపడుతూ ఉంటాడు, మిగతావాళ్ళు లాగి లేపలేక వాళ్ళూ పడతారు. డాన్స్ స్కూల్లో నలుగురూ ఒకే ముసలాయన్ని ఆడుతున్నాం, అందుకే నవ్వు రాలేదు.

మాస్కు కోసం తోక్వారో వెళ్ళాను, సరస్సు దగ్గర్లోనే, మాస్కులు చెక్కడానికి పేరున్న ఊరు. తేలిక చెక్కతో చేస్తారు, మొక్కజొన్న కాడల గుజ్జుతో చేసేవి కూడా ఉన్నాయి. గులాబీ రంగు బుగ్గలు, నుదుటి మీద ముడతలు, నోట్లో రెండో మూడో పళ్ళు మిగిలిన నవ్వు, కిత్తనార లాంటి నారతో తెల్లజుట్టు. చేతిలో చూస్తే చిన్న బొమ్మలా ఉంటుంది, పెట్టుకుంటే మాత్రం ప్రపంచం చిల్లిగవ్వంత అయిపోతుంది. కళ్ళ చీలికల్లోంచి ఎదురుగా ఉన్నది తప్ప పక్కన ఎవరున్నారో తెలీదు, కింద కాళ్ళు కనిపించవు, మన ఊపిరి మనకే వేడిగా తగులుతుంది. రుమాలు తలకీ చెంపలకీ చుట్టుకుని దాని మీద మాస్కు కట్టుకోవాలి, లేకపోతే చెక్క అంచు ముక్కు ఎముకని తినేస్తుంది. వేషంలో మిగిలింది తేలిక. అంచుల్లో రంగుదారాల కుట్టుపని ఉన్న తెల్ల నూలు చొక్కా పైజామా, మీద గొంగడి, పైనుంచి రంగు రిబ్బన్లు వేలాడే టోపీ, జంతువు తల చెక్కిన కర్ర.

ఆ గులాబీ మొహాల గురించి ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తారు. స్పానిష్ దొరలు వచ్చాక వాళ్ళలో ముసలివాళ్ళు తొందరగా కూలబడిపోవడం చూసి వెక్కిరించడానికి పెట్టిన ఆట అని ఒకరు, కాదు అంతకు ముందే సూర్యుడికీ పాత దేవుళ్ళకీ చేసిన పూజ అని ఇంకొకరు. నలుగురు ఆటగాళ్ళంటే మొక్కజొన్నలోని నాలుగు రంగులు అని గైడ్లు చెప్తుంటారు, వినడానికి బావుంటుంది. స్పానిష్‌వాళ్ళు వచ్చిన కొత్తలో అజ్టెక్‌ల దగ్గర ముసలి మాస్కులు పెట్టుకుని గూనివాళ్ళలా వంగి ఆడి నవ్వించే ఆట ఉండేదని దియెగో దురాన్ అనే పాద్రీ 16వ శతాబ్దంలోనే రాశాడు, అంటే ఈ తరహా ఆటకి వేళ్ళు లోతుగానే ఉన్నాయి. ఇప్పుడు మనం చూసే రూపానికి మాత్రం ఇంకో కథ ఉంది. 1920లలో, విప్లవం తర్వాత, దేశమంతటికీ కలిపి ఒక సంస్కృతి చూపించాలని ప్రభుత్వం పల్లెలకి సంగీతం తెలిసినవాళ్ళని పంపింది. వాళ్ళు హరాక్వారోకీ వచ్చారు. ఆ ఊరి వాద్యకారుడు నికొలాస్ బర్తొలో హువారెస్ లాంటివాళ్ళ ద్వారా ఈ ఆట మెక్సికో నగరం స్టేజీ ఎక్కింది, ఆ తర్వాత టూరిజం పోస్టర్లకీ బడి పిల్లల వార్షికోత్సవాలకీ పాకింది. ఇవాళ మెక్సికోలో ఈ ఆట తెలీని పిల్లాడు ఉండడు, హరాక్వారో ఎక్కడుందో తెలిసినవాళ్ళు మాత్రం తక్కువ.

వెక్కిరింపా గౌరవమా అని నేనూ మొదట్లో తేల్చుకోవాలని చూశాను. పగటివేషాలు చూస్తూ పెరిగినవాళ్ళకి అంత పట్టింపు అక్కర్లేదేమో. మన ఊరికొచ్చే వేషగాడు కరణాన్నీ కోమటినీ వాళ్ళ ఇంటి ముందే ఆడి, వాళ్ళ చేతే డబ్బులు తీసుకుని వెళ్ళేవాడు, ఎవరినైనా అంత దగ్గరగా ఆడాలంటే వాళ్ళని అంత శ్రద్ధగా చూసి ఉండాలి. ఇక్కడ కూడా అంతే. పురేపెచా ఊళ్ళలో పెద్దల మాటకి ఇప్పటికీ విలువ ఉంది, పండగ ఎవరు జరపాలి, ఖర్చు ఎవరు పెట్టుకోవాలి అన్న విషయాల్లో వాళ్ళని దాటి పోరు. ఆ పెద్దల ముందే ఈ ఆట ఆడతారు.

వాళ్ళ ముందు ఆడాల్సిన రోజు నాకూ వచ్చింది. ఊళ్ళో ఒకరింట్లో శుభకార్యం, పెరట్లో కుర్చీలు వేసి ముందు వరసలో ముసలివాళ్ళని కూర్చోబెట్టారు. నాకు ఆఫీసులో ప్రెజెంటేషన్ల ముందు కూడా అంత టెన్షన్ ఎప్పుడూ లేదు. మాస్కులో నాకు కనిపించింది ముందువాడి గొంగడి వెనక భాగం ఒక్కటే, దాన్నే చూసుకుంటూ లోపలికి వెళ్ళాను. నా వంతు వచ్చినప్పుడు కూర్చున్నాను, గొంగడి తీసి పక్కన పెట్టాను, మోకాలి మీద చెయ్యి, వీధి వైపు చూపు. ముందు వరసలో ఉన్న ఒక పెద్దావిడ తన పక్కనున్న ముసలాయన్ని మోచేత్తో పొడిచి పురేపెచాలో ఏదో అంది, ఆయన సిగ్గుపడిపోయాడు, చుట్టూ ఉన్నవాళ్ళు ఘొల్లుమన్నారు. ఏమందో తర్వాత అడిగాను. "అచ్చం నువ్వే" అందట. మా తాతయ్యది గుంటూరు జిల్లా, జీవితంలో దాటింది కృష్ణా నది ఒక్కటే.

తర్వాత భోజనాలు. చురీపో అనే ఎర్రటి పులుసు వాళ్ళకి పెద్ద వంట, గొడ్డు మాంసంతో చేస్తారు కాబట్టి నేను కొరుందాలతో కానిచ్చాను, మొక్కజొన్న పిండిని ఆ మొక్క ఆకులోనే మూడు మూలలుగా చుట్టి ఆవిరి మీద ఉడికిస్తారు, పైన మీగడ, మిరపకాయ పచ్చడి. నాకైతే పండగే. భోజనాల తర్వాత పిరెక్వాలు పాడారు, పురేపెచా భాషలో పాటలు, నెమ్మదిగా, ఇద్దరు గొంతు కలిపి. వీటిని 2010లో యునెస్కో జాబితాలో చేర్చారు, ఆ సంగతి ఎత్తితే అక్కడ ముగ్గురు నలుగురికి కోపం వచ్చింది. మమ్మల్ని అడక్కుండానే చేర్చారు, మా పాటకి వేరేవాళ్ళు బోర్డు పెట్టారు అని. అప్పట్లో చాలా ఊళ్ళు ఇదే అభ్యంతరం చెప్పాయి. నేను ఇంకో కొరుందా పెట్టించుకుని నోరు మూసుకున్నాను.

చౌరస్తాలో టూరిస్టుల కోసం ఆడి టోపీ తిప్పేవాళ్ళని కొందరు చిన్నచూపు చూస్తారు, అది అసలు ఆట కాదని. నాకు ఆ మాట నచ్చదు. వాళ్ళలో చాలామంది ఇవే ఊళ్ళ పిల్లలు, సరస్సులో చేపలు మునుపటిలా లేవు, టోపీల మీద వచ్చేది ఎంత. పైగా నేను ఈ దారి పట్టింది ఆ చౌరస్తా ఆట చూసే. కాకపోతే టోపీ మీ దగ్గరికొచ్చినప్పుడు ఫోన్ కెమెరా దించి డబ్బులు వెయ్యండి, వీడియో తీసుకుని జారుకునేవాళ్ళని చూశాను, మనవాళ్ళు కూడా ఉన్నారు వాళ్ళలో.

ఎవరన్నా నేర్చుకోవాలనుకుంటే ఒక్కటే చెప్తాను, చెక్క చెప్పులు అపార్ట్‌మెంట్‌లో వేసుకోకండి. మాది మూడో అంతస్తు, కింద ఇంటాయన పైకి వచ్చాడు, ఏంటి వడ్రంగం పెట్టారా అని. ఇప్పుడు కార్ పార్కింగులో, పొద్దున్నే, వాచ్‌మన్ ఒక్కడే ప్రేక్షకుడు.

వరసకట్టి రైలులా నడిచే భాగం దాకా వచ్చాను. ఆ తర్వాత పోటీ భాగం ఉంటుంది, ఒక్కొక్కరూ ముందుకొచ్చి తమ కాళ్ళ పనితనం చూపిస్తే మిగతావాళ్ళు కర్రలు కొట్టి ఎగదోస్తారు, అందరికీ ఇష్టమైన భాగం అదే. ఎప్పుడు నేర్పుతారు అని పోయినసారి అడిగాను. తాతా టోపీ అంచు కుట్టుకుంటూ, తల ఎత్తకుండానే, కాళ్ళు వచ్చేశాయిలే, దగ్గు ఇంకా కుర్రాడి దగ్గులాగే ఉంది, ముందు అది చూసుకో అన్నారు.